ఒంటి వాసన వాయు కాలుష్యమేనా?

మే నెలలో కిక్కిరిసిన బస్సు ఎక్కినవాళ్లు రెండు రకాలుగా విసుక్కుంటారు. "అబ్బా, ఒకటే చెమట కంపు" అంటారు కొందరు. "లోపల అసలు గాలి ఆడటం లేదు" అంటారు ఇంకొందరు. అందరూ పీలుస్తున్నది ఒకే గాలి, అందరి ఇబ్బందీ ఒకటే. అయితే మొదటి మాట పక్కనున్న మనిషిని తప్పుపడుతుంది, రెండో మాట బస్సును తప్పుపడుతుంది. ఒంటి వాసన వాయు కాలుష్యం కిందికి వస్తుందా అన్న ప్రశ్న వినడానికి చిన్నపిల్లల సందేహంలా ఉంటుంది గానీ, జవాబు కోసం వెతికితే చివరికి ఈ రెండు మాటల్లో ఏది న్యాయమో తేల్చుకోవాల్సి వస్తుంది. చట్టం ఒక జవాబు చెబుతుంది. భవనాల్లోని గాలి మీద పరిశోధన చేసేవాళ్లు దాదాపు దానికి ఎదురు జవాబు చెబుతారు. రెండూ తెలుసుకోవాల్సినవే.

ముందు చట్టం సంగతి. మన దేశంలో దీనికి ఆధారం 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. అందులోని 2వ సెక్షన్ ప్రకారం మనుషులకు, ఇతర ప్రాణులకు, మొక్కలకు, ఆస్తికి, పర్యావరణానికి హాని చేసే లేదా చేయగలిగే మోతాదులో వాతావరణంలో ఉన్న ఘన, ద్రవ, వాయు పదార్థం ఏదైనా వాయు కాలుష్యకారకమే. 1987లో చేసిన సవరణతో శబ్దం కూడా ఈ నిర్వచనంలోకి వచ్చింది. వాసనను మాత్రం పేరుపెట్టి చేర్చలేదు. నిజానికి చేర్చాల్సిన అవసరమూ లేదు. ఏ వాసనైనా గాలిలో తేలుతున్న పదార్థమే కాబట్టి అది ఎలాగూ వాయు పదార్థాల్లోకి వస్తుంది. అసలు కిటుకు "మోతాదు" అన్న మాటలో ఉంది. చంకల నుంచి, పాదాల నుంచి వచ్చే వాసన ఆరుబయట గాలిలో కలిశాక ఎవరి ఆరోగ్యాన్నీ దెబ్బతీసే మోతాదుకు చేరదు. పైగా ఈ చట్టం బాధ్యత మోపింది పరిశ్రమల మీద. అనుమతి తీసుకోవాల్సింది, ప్రమాణాలు దాటకుండా చూసుకోవాల్సింది ఫ్యాక్టరీ నడిపేవాళ్లు. 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్యకారకాలు ఉన్నాయి. వాటిలో అమ్మోనియా ఒకటి. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో అది 400 మైక్రోగ్రాములు దాటకూడదు. మనిషి చర్మం నుంచి కూడా కొద్దిగా అమ్మోనియా వస్తుంది. ఈ పోలిక అంతటితో ఆగిపోతుంది, ఎందుకంటే వీధిలో నడిచే మనిషిని ఆ ప్రమాణంతో ఎవరూ కొలవరు.

భారతీయ న్యాయ సంహితలో ఇంకో సెక్షన్ ఉంది, 280వది. పాత ఐపీసీలో ఇదే 278. చుట్టుపక్కల ఉండేవాళ్ల, దారిన పోయేవాళ్ల ఆరోగ్యానికి హాని కలిగేలా ఎవరైనా కావాలని గాలిని చెడగొడితే వెయ్యి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఇక్కడ "కావాలని" అన్న మాట ముఖ్యం. చెమట పట్టడం ఎవరూ కావాలని చేసే పని కాదు.

అమెరికాలో ఈ చర్చ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అయితే వేరే దారిలో. వాహనాలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వాయు కాలుష్యకారకమా కాదా అన్న కేసులో 2007లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో అవునని తేల్చింది. చట్టంలోని నిర్వచనం అంత విశాలంగా ఉందని మెజారిటీ అభిప్రాయం. ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా, నిర్వచనాన్ని ఇంతగా సాగదీస్తే పిల్లలు విసురుకునే ప్లాస్టిక్ పళ్లెం దగ్గర్నుంచి కడుపులోంచి వెలువడే గాలి దాకా గాలిలో ఉన్నదంతా కాలుష్యకారకమే అవుతుందని రాశారు. ఆయన ఎత్తిపొడుపుగా రాసినా అందులో ఉన్న ప్రశ్న నిజమైనదే. ఒక పదార్థం గాలిలో ఉన్నంత మాత్రాన కాలుష్యం అవుతుందా, లేక అది ఎక్కడ, ఎంత పోగుపడింది అన్నదాన్ని బట్టి అవుతుందా? ఇదే ప్రశ్నకు పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. అమెరికా నిబంధనల్లో "బయటి గాలి" అంటే భవనాలకు వెలుపల, జనం తిరగగలిగే చోట ఉన్న గాలి అని రాసి ఉంది. అంటే గదిలోపలి గాలి ఆ లెక్కలోకే రాదు. మనుషులు రోజులో ఎక్కువసేపు గడిపేది గదుల్లోనే.

వాసనల కోసమే ప్రత్యేకంగా చట్టం చేసిన దేశం జపాన్. 1971లో అక్కడ దుర్వాసన నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద 22 పదార్థాలను పేర్లతో సహా ప్రకటించారు. ఆ జాబితాను చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అమ్మోనియా ఉంది, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది, స్టైరీన్ ఉంది, ఐసోవలేరిక్ ఆమ్లం ఉంది. ఈ చివరిది రోజంతా బూట్లలో ఉన్న పాదాల నుంచి వచ్చే వాసనకు ముఖ్య కారణం. స్టైరీన్ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకై 12 మంది ప్రాణాలు తీసింది అదే. ఒకే జాబితాలో ప్రాణాంతకమైన ఆవిరి, పాదాల వాసన పక్కపక్కన ఉన్నాయన్నమాట. అయితే ఆ జపాన్ చట్టం ఫ్యాక్టరీలకు, వ్యాపార స్థలాలకు వర్తిస్తుంది గానీ మనిషి పాదాలకు వర్తించదు. పదార్థం అదే అయినా, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. ఇది సరైన పద్ధతే.

మన దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన కాలుష్యం మీద మార్గదర్శకాలు తెచ్చింది. జీడిమెట్ల, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లు రాత్రిపూట ఘాటు రసాయన వాసనలు వస్తున్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాలనీలది కూడా ఇలాంటి బాధే. అక్కడ వాసన నిజంగా కాలుష్యం. దానికి యజమాని ఉన్నాడు, లైసెన్సు ఉంది, ఆపగలిగే యంత్రాలున్నాయి. ఒంటి వాసనకు ఇవేవీ లేవు.

అసలు ఒంటి వాసన ఎక్కడి నుంచి వస్తుంది? చెమట అప్పటికప్పుడు వాసన వేయదు. ఒళ్లంతా ఉండే స్వేద గ్రంథుల నుంచి వచ్చేది దాదాపు ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథులు కొవ్వు, ప్రొటీన్ కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. దానికీ వాసన ఉండదు. చర్మం మీద కాపురం ఉండే బ్యాక్టీరియా దాన్ని తిని విడగొట్టినప్పుడు ఘాటైన ఆమ్లాలు, గంధకం కలిసిన పదార్థాలు పుడతాయి. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో స్టెఫైలోకోకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైమ్‌ను గుర్తించారు. ఎవరికి ఎంత వాసన వస్తుందన్నది స్నానం మీదే ఆధారపడదు. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో చెవి గులిమి తడిగా ఉంటుందా పొడిగా ఉంటుందా అన్నది నిర్ణయించే జన్యువును కనుగొన్నారు. ఆ జన్యువే చంకల వాసననూ చాలావరకు నిర్ణయిస్తుందని తర్వాత తేలింది. కొరియా, చైనా, జపాన్ ప్రజల్లో ఎక్కువమందికి ఆ వాసన చాలా తక్కువ. అది వాళ్ల శుభ్రత వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. మరికొందరికి ఒక కాలేయ ఎంజైమ్ లోపం వల్ల ఒళ్లంతా చేపల వాసన వస్తుంది. రోజుకు నాలుగుసార్లు స్నానం చేసినా అది పోదు. అలాంటి మనిషిని పక్కకు జరగమనడం ఎంత అన్యాయమో చెప్పనక్కర్లేదు.

చంకల వాసనలో అన్నిటికన్నా ఘాటైనవి గంధకం ఉన్న థయాల్ జాతి పదార్థాలు. ఇదే జాతికి చెందిన ఇంకో పదార్థం మన వంటింట్లో ఉంది. గ్యాస్ సిలిండర్‌లో ఉండే గ్యాస్‌కు సొంతంగా వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియడం కోసం అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే థయాల్ కలుపుతారు. గ్యాస్ వాసన అని మనం అనుకునేది ఆ కలిపినదాని వాసనే. అది ఎవరినీ చంపడానికి కాదు, ప్రాణం కాపాడటానికి ఉంది. గాలిలో అతి కొద్దిగా ఉన్నా మనిషి ముక్కు దాన్ని పసిగట్టేస్తుంది. మరోవైపు, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 ధూళి కణాలు ఎంత ఉన్నాయో కూడా ముక్కు చెప్పలేదు. కాబట్టి వాసన ఎంత ఘాటుగా ఉంటే హాని అంత ఎక్కువ అనుకోవడం పొరపాటు. వాసన ఒక కబురు. ఆ కబురు దేని గురించో అర్థం చేసుకోవడానికి శాస్త్రానికి సుమారు 150 ఏళ్లు పట్టింది.

19వ శతాబ్దం నడిమి దాకా యూరప్‌లో చెడు వాసనే రోగమని నమ్మేవారు. సరిగ్గా 1858లో, లండన్ థేమ్స్ నది కంపుతో పార్లమెంటు ఉక్కిరిబిక్కిరైన ఏడాదే, జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త గదుల్లో గాలి గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. జనం ఉన్న గదిలో గాలి ఎంత చెడిందో తెలుసుకోవాలంటే కార్బన్ డయాక్సైడ్‌ను కొలవాలని, అది పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు, అంటే 1000 పీపీఎం దాటకుండా చూడాలని చెప్పాడు. ఆ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ విషమని ఆయన అనలేదు. మనుషుల ఒంటి నుంచి, ఊపిరి నుంచి వచ్చేవన్నీ దానితోపాటే పెరుగుతాయి కాబట్టి అది కొలబద్ద మాత్రమే అన్నాడు. ఈ తేడాను ఈ రోజుకీ చాలామంది పట్టించుకోరు.

తర్వాతి అడుగు తప్పుడు దారిలో పడింది. 1880ల చివర్లో పారిస్‌లో బ్రౌన్-సెకార్, దార్సోన్‌వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి వదిలే ఊపిరిలోనే విషం ఉందన్నారు. ఊపిరి ఆవిరిని నీరుగా మార్చి కుందేళ్లకు ఎక్కిస్తే అవి చచ్చిపోయాయని చెప్పారు. అంటే మనిషి పక్కన మనిషి కూర్చోవడమే విషప్రయోగం అన్నమాట. ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. 1905లో బ్రెస్లావ్ నగరంలో ఫ్లూగె అనే ఆచార్యుడి ప్రయోగశాలలో ఈ వివాదాన్ని చాలా తేలికైన పద్ధతిలో పరీక్షించారు. మూసిన చిన్న గదిలో మనుషులను గంటల తరబడి కూర్చోబెట్టారు. లోపల ఉన్నవాళ్లకు తలనొప్పి, నీరసం, ఊపిరాడనట్టు ఇబ్బంది మొదలయ్యాయి. వాళ్లకు గొట్టం ద్వారా బయటి మంచి గాలి అందించినా ఆ బాధ తగ్గలేదు. బయట ఉన్న మనిషి అదే గొట్టం ద్వారా లోపలి చెడ్డ గాలి పీల్చినా అతనికేమీ కాలేదు. ఇబ్బంది పెట్టింది ఊపిరిలోని విషం కాదు, ఒంటి చుట్టూ పేరుకున్న వేడి, తేమ. మన మాటల్లో చెప్పాలంటే ఉక్కపోత. ఎండాకాలం కరెంటు పోయిన పెళ్లి మండపంలో కూర్చున్న ఎవరికైనా ఈ సంగతి అనుభవంలో ఉన్నదే.

విషం లేదని తేలాక మిగిలింది వాసన. 1936లో అమెరికాలోని హార్వర్డ్‌లో యాగ్లూ, ఆయన సహచరులు దాన్నే నేరుగా కొలిచారు. యంత్రాలతో కాదు, ముక్కులతో. గదిలో మనుషులను కూర్చోబెట్టి, బయటి నుంచి వచ్చిన పరీక్షకులతో వాసన ఎంత ఉందో మార్కులు వేయించారు. లోపల కూర్చున్నవాళ్లకు కాసేపటికి వాసన తెలియడం మానేస్తుంది కాబట్టి బయటి నుంచి వచ్చినవాళ్ల మాటే లెక్కలోకి తీసుకున్నారు. ఒక్కో మనిషికి ఎంత బయటి గాలి పంపితే వాసన భరించగలిగేలా ఉంటుందో పట్టికలు తయారయ్యాయి. తర్వాత దశాబ్దాల పాటు భవనాల్లో గాలి ఏర్పాట్లకు ఈ పట్టికలే ఆధారమయ్యాయి. ఆ పట్టికల్లో మనసును కలుక్కుమనిపించే విషయం ఒకటుంది. మధ్యతరగతి పెద్దలకు ఒక వరుస, కూలీలకు వేరే వరుస, బడిపిల్లల్లో పేదవాళ్లకు ఇంకో వరుస ఉన్నాయి. పేద పిల్లల గదికి ఎక్కువ గాలి కావాలని రాశారు. లెక్క నిజమే కావచ్చు. ఆ ఇళ్లలో స్నానానికి నీళ్లు, మార్చుకోవడానికి బట్టలు ఎన్ని ఉండేవో ఆ పట్టిక చెప్పదు.

ఈ దారిలో చివరి పెద్ద మలుపు 1988లో వచ్చింది. డెన్మార్క్ టెక్నికల్ విశ్వవిద్యాలయంలో ఓలె ఫాంగర్ అనే ఆచార్యుడు గదిలోపలి గాలి కాలుష్యానికి ఒక కొలమానం ప్రతిపాదించాడు. దాని పేరు ఓల్ఫ్. ఒక ఓల్ఫ్ అంటే ఒక సాధారణ మనిషి కూర్చుని పనిచేసుకుంటున్నప్పుడు గాలిలోకి వదిలే కాలుష్యం. అడుగుకు పాదం, మూరకు చెయ్యి కొలతైనట్టు గది కాలుష్యానికి మనిషి ఒళ్లే కొలతైంది. ఆ సాధారణ మనిషి ఎలా ఉండాలో కూడా ఫాంగర్ చెప్పాడు: 1.8 చదరపు మీటర్ల చర్మం, రోజుకు 0.7 స్నానం. పదిరోజుల్లో ఏడు స్నానాలన్నమాట. రోజూ స్నానం చేయనిదే వంటింట్లోకి అడుగుపెట్టని మన ఇళ్లలోని వాళ్లు ఈ లెక్కకు ఆశ్చర్యపోతారు గానీ, చలిదేశపు ఆఫీసు ఉద్యోగికి అది మామూలే. గట్టిగా వ్యాయామం చేస్తున్న మనిషి 11 ఓల్ఫ్‌లు, సిగరెట్ కాలుస్తున్న మనిషి 25 ఓల్ఫ్‌లు అని ఆయన లెక్కగట్టాడు.

ఇంతవరకు చదివితే ఈ శాస్త్రం మనిషినే దోషిగా నిలబెట్టిందని అనిపిస్తుంది. ఫాంగర్ బృందం కోపెన్‌హేగన్‌లో 15 ఆఫీసులకు వెళ్లి కొలిచినప్పుడు కథ తిరగబడింది. లోపల ఉన్న ఒక్కో మనిషి వదిలేది ఒక ఓల్ఫ్ అయితే, మనిషికి ఆరేడు ఓల్ఫ్‌ల చొప్పున ఇతర చోట్ల నుంచి వస్తోంది. తివాచీలు, ఫర్నిచర్, గోడల సామగ్రి కొంత, సిగరెట్ పొగ కొంత. అన్నిటికన్నా ఎక్కువ వాటా, సుమారు మూడు ఓల్ఫ్‌లు, గాలిని శుభ్రం చేయాల్సిన వెంటిలేషన్ యంత్రాలదే. దుమ్ముపట్టిన ఫిల్టర్లు, మురికిపట్టిన గొట్టాలు గాలిని బాగుచేయకపోగా పాడుచేస్తున్నాయి. ఫాంగర్ కొలమానంలోని కొన్ని అంశాల మీద ఆ తర్వాత విమర్శలు వచ్చాయి. ఒక మూలం వాసనకు మరో మూలం వాసనను మామూలుగా కూడితే సరిపోదని అన్నవాళ్లున్నారు. అయినా ఆ 15 ఆఫీసుల ఫలితం మాత్రం మరచిపోదగ్గది కాదు. గదిలో కంపు కొడితే ముందు అనుమానించాల్సింది గదినే.

అలాగని ఒంటి నుంచి వచ్చేవాటికి ప్రభావమే లేదనీ అనలేం. అదే డెన్మార్క్ విశ్వవిద్యాలయంలో జాంగ్, వార్గోస్కీ, లియాన్ 25 మందితో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. గదిలో కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే సిలిండర్ల నుంచి వదిలి 3000 పీపీఎం దాకా పెంచితే ఎవరికీ పెద్దగా తేడా తెలియలేదు. బయటి గాలిని తగ్గించి, మనుషుల ఒంటి నుంచి వచ్చేవాటిని కూడా పోగుపడనిచ్చి 3000 పీపీఎంకు చేర్చినప్పుడు మాత్రం తలనొప్పి, మత్తు, అలసట ఎక్కువయ్యాయి, కొన్ని పనుల్లో పనితనం తగ్గింది. పెటెన్‌కోఫర్ అన్నట్టే కార్బన్ డయాక్సైడ్ కొలబద్ద మాత్రమే, దాని వెనక వచ్చేది వేరే. ఆ వేరేది వాసన వేసే పదార్థాలేనా, వాసన లేనివా అన్నది విడదీయడం కష్టం. చర్మం మీది నూనె బయటి నుంచి వచ్చే ఓజోన్‌తో కలిసి కొత్త రసాయనాలను పుట్టిస్తుంది. మనిషి చుట్టూ ఇలా ఒక రసాయన చర్యల వలయం ఏర్పడుతుందని జర్మనీలోని మైంజ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2022లో చూపించారు. వాటిలో చాలావాటిని ముక్కు పట్టలేదు.

ఇక చెమట వాసనను దాచడానికి వాడేవాటి సంగతి చూస్తే కథ ఇంకా మారుతుంది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో విశ్వవిద్యాలయ తరగతి గది గాలిని పరీక్షించినప్పుడు విద్యార్థుల నుంచి వచ్చిన ఆవిరి పదార్థాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఒంటిలో పుట్టినది కాదు. డియోడరెంట్లు, క్రీముల్లో వాడే డీ5 అనే సిలికాన్ పదార్థం. మొత్తం బరువులో సుమారు మూడో వంతు అదే. కొలరాడోలోని బౌల్డర్ ఊళ్లో పొద్దున జనం స్నానాలు చేసి బయల్దేరే వేళ, ఈ పదార్థం విడుదల ట్రాఫిక్ పొగలోని బెంజీన్ విడుదలతో పోల్చదగ్గంత ఉందని 2018లో తేలింది. మరో మాట. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఇంట్లో వాడే వస్తువుల మీద తొలి కాలుష్య నిబంధనలు తెచ్చింది 1989లో. ఆ నిబంధనలు వేటి మీదో తెలుసా? డియోడరెంట్లు, చెమట ఆపే స్ప్రేల మీద. పొగమంచు కాలుష్యానికి దోహదం చేసే ఆవిరి పదార్థాలు వాటిలో ఉన్నాయి. అలా ఒంటి వాసన ఏ కాలుష్య చట్టంలోకీ రాలేదు గానీ, ఒంటి వాసనను కప్పిపుచ్చే డబ్బా వచ్చింది.

ఈ విషయంలో మాటల ఎంపిక కూడా చిన్న సంగతి కాదు. తెలుగులో కాలుష్యం అన్న మాట పక్కనే మైల, అంటు అన్న మాటలున్నాయి. కులం గురించి రాసే సామాజిక శాస్త్రవేత్తలు మైలకు, అంటుకు ఇంగ్లిష్‌లో వాడేది పొల్యూషన్ అన్న మాటనే. మనిషి ఒళ్లే ఒక కాలుష్యం అని మన సమాజం వందల ఏళ్లు నమ్మింది, నమ్మించింది. కాలువలు శుభ్రం చేసేవాళ్లను, చర్మం పని చేసేవాళ్లను వాసన పేరు చెప్పి ఊరవతల ఉంచింది. అందుకే ఫలానా మనిషి వాసనను కాలుష్యం అనేముందు ఆగి ఆలోచించాలి. ఆరుబయట గంటల తరబడి బండి నడిపే డెలివరీ కుర్రాళ్లకు చాలాచోట్ల పాలిస్టర్ టీషర్టులే యూనిఫాం. నూలు బట్టకన్నా పాలిస్టర్ మీద వాసన పుట్టించే బ్యాక్టీరియా బాగా పెరుగుతుందని బెల్జియంలోని గెంట్ పరిశోధకులు 2014లో తేల్చారు. బట్ట కంపెనీ ఇచ్చింది, ఎండ ఊరిది, నిందపడేది మాత్రం వేసుకున్న కుర్రాడు. లిఫ్టులో అతన్ని చూసి ముక్కు మూసుకునే ముందు ఇది గుర్తుంటే బాగుంటుంది.

అమెరికాలో ఇలాంటి నింద కోర్టుకెక్కింది. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో రిచర్డ్ క్రైమర్ అనే ఇల్లులేని మనిషి పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాడు. ఇతరులను ఇబ్బంది పెట్టేంతగా ఒంటి శుభ్రత లేనివాళ్లు బయటికి వెళ్లాలని లైబ్రరీ నిబంధన పెట్టింది. 1991లో కింది కోర్టు క్రైమర్ వైపు తీర్పిచ్చింది. 1992లో పై కోర్టు లైబ్రరీ నిబంధన చెల్లుతుందని చెప్పింది. ఆ కోర్టు కూడా దాన్ని కాలుష్యం అనలేదు, ఇతర పాఠకులకు కలిగే ఇబ్బందిగానే చూసింది. ఆ ఇబ్బంది నిజమైనదే, కాదనలేం. కానీ ఇల్లులేని మనిషికి స్నానాల గది ఎక్కడుందన్న ప్రశ్నకు లైబ్రరీ నిబంధనల్లో జవాబు దొరకదు.

చివరికి లెక్క మనకు దగ్గరగా ఉన్న గదిలో వేసి చూద్దాం. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న తరగతి గది. ఏసీ కోసం తలుపులు, కిటికీలు బిగించారు. లోపల 60 మంది పిల్లలు. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గదిలో ఉన్న గాలి 240 ఘనపు మీటర్లు. బయటి గాలి బొత్తిగా రాకపోతే మొదట 420 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్, పెటెన్‌కోఫర్ గీసిన 1000 గీతను ఎనిమిది నిమిషాల్లోపే దాటేస్తుంది. గంట గడిచేసరికి 5000కు దగ్గరపడుతుంది. తలుపు సందుల్లోంచి కొంత గాలి వస్తుంది కాబట్టి నిజమైన గదిలో అంత వేగంగా పెరగకపోవచ్చు, అయినా దిశ అదే. 1000 దగ్గరే ఆపాలంటే ఒక్కో పిల్లవాడికి సెకనుకు ఎనిమిదిన్నర లీటర్లకు పైగా బయటి గాలి కావాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. చల్లగా ఉంది కాబట్టి గాలి బాగుందనిపిస్తుంది. చల్లదనంతో ఉక్కపోత పోతుంది, అది నిజం. కానీ అరవై మంది వదిలిన ఊపిరి, వాళ్ల ఒంటి నుంచి వచ్చిన ఆవిరి, వాళ్లలో ఎవరికైనా ఉన్న జలుబు, క్షయ లాంటి జబ్బుల తుంపరలు అన్నీ ఆ గదిలోనే తిరుగుతుంటాయి. ఆ గదిలో వచ్చే ముక్క వాసన చెప్పే కబురు ఇదే: పీల్చిన గాలినే మళ్లీ పీలుస్తున్నారని. రోడ్డు పక్క బడుల్లో కిటికీ తెరిస్తే దుమ్ము, పొగ వస్తాయన్నది కాదనలేని ఇబ్బంది. అలాంటి చోట రోడ్డుకు అవతలి వైపు కిటికీలు తెరిచి, ఎదురు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం, పీరియడ్ల మధ్య ఐదు నిమిషాలు తలుపులన్నీ తీసి ఉంచడం ఖర్చు లేని, లేదా అతి తక్కువ ఖర్చయ్యే పనులు.

లోపలున్న పిల్లలకు ఆ వాసన తెలియదు. అందుకే వాళ్లు చెప్పరు. యాగ్లూ తన ప్రయోగంలో బయటి నుంచి వచ్చినవాళ్ల ముక్కులనే ఎందుకు నమ్మాడో, రెండో పీరియడ్‌కు తలుపు తీసుకుని లోపలికి వచ్చే మాస్టారికి తెలుస్తుంది. గుమ్మం దగ్గరే ఒక్క క్షణం ఆగి, హాజరు పిలవకముందే, "ముందు ఆ కిటికీలు తెరవండ్రా" అంటారు.